ఊరి చార్టర్‌ను సవరించాలంటే: పాఠకుల సందేహాలు, జవాబులు

అమెరికాలో స్థిరపడిన తెలుగు పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నగర చార్టర్ల గురించే. నగర పాలన ఎలా సాగాలో చెప్పే మూల పత్రమే చార్టర్. కౌన్సిల్ సమావేశాలకు వెళ్తున్నవారు, ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరిస్తున్నవారు, చార్టర్ సమీక్ష సంఘాల్లో పనిచేస్తున్నవారు రాసిన ప్రశ్నలివి. అన్నిటికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాను. ఈ విషయంలో రాష్ట్రానికో చట్టం ఉంది కాబట్టి, ఒక రాష్ట్రం గురించి చెప్పిన మాటను మరో రాష్ట్రానికి అన్వయించుకోవద్దని ముందుగా మనవి.

ప్రశ్న: మేము డాలస్ శివారు నగరంలో పదిహేనేళ్లుగా ఉంటున్నాం. మాది హోమ్ రూల్ నగరం. కౌన్సిల్ సభ్యులు ఎన్నిసార్లు పదవిలో ఉండవచ్చన్న పరిమితి మా చార్టర్‌లో లేదు. దాన్ని చేర్పించాలని కొందరం అనుకుంటున్నాం. నివాసులకు ఆ అధికారం ఉందా? చార్టర్‌లో ఏదైనా రాసుకోవచ్చా?

జవాబు: అధికారం ఉంది. అయితే ఏదైనా రాసుకోవడానికి వీల్లేదు. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అమెరికా రాజ్యాంగంలో నగరాల ప్రస్తావనే లేదు. నగరం రాష్ట్రం సృష్టించిన సంస్థ, రాష్ట్రం స్పష్టంగా ఇచ్చినవి, వాటిని బట్టి తప్పనిసరిగా వచ్చేవి తప్ప దానికి వేరే అధికారాలు ఉండవు అని అయోవా న్యాయమూర్తి జాన్ డిల్లన్ 1868లో చెప్పిన సూత్రమే చాలాకాలం చెలామణీ అయింది. చిన్న పనికైనా రాష్ట్ర శాసనసభ గడప తొక్కాల్సిన ఆ పరిస్థితికి విరుగుడుగా పుట్టిందే హోమ్ రూల్. మిస్సోరీ 1875 నాటి రాజ్యాంగంలో మొదటిసారి దీనికి చోటిచ్చింది. టెక్సాస్‌లో 1912 రాజ్యాంగ సవరణతో వచ్చింది. అక్కడ జనాభా 5,000 దాటిన నగరం ఓటర్ల ఆమోదంతో తన చార్టర్‌ను తానే రాసుకోవచ్చు, సవరించుకోవచ్చు.

ఇంత స్వేచ్ఛ ఇచ్చిన టెక్సాస్ రాజ్యాంగపు 11వ అధికరణం 5వ సెక్షనే, చార్టర్‌లోని ఏ నిబంధనా రాష్ట్ర రాజ్యాంగానికి గానీ శాసనసభ చేసిన సాధారణ చట్టాలకు గానీ విరుద్ధంగా ఉండకూడదని కూడా చెప్పింది. లారెడో నగరం ప్లాస్టిక్ సంచులను నిషేధిస్తూ చేసిన ఆర్డినెన్స్‌ను, అంటే కౌన్సిల్ చేసిన స్థానిక చట్టాన్ని, 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టివేసింది ఈ కారణంగానే. ఆర్డినెన్స్‌కు వర్తించిన హద్దు చార్టర్ సవరణకూ వర్తిస్తుంది. ఓటర్లు నేరుగా ఆమోదించారన్న కారణంతో అది రాష్ట్ర చట్టాన్ని మించిపోదు.

ఇక మీ ప్రతిపాదన సంగతి. పదవీకాల పరిమితి చార్టర్‌లో ఉండదగిన విషయమే. దారులు రెండు. కౌన్సిల్ తనంతట తానే సవరణను ఓటర్ల ముందు పెట్టవచ్చు. లేదా నగర ఓటర్లలో 5 శాతం మంది, లేదా 20,000 మంది, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతమంది సంతకాలతో పిటిషన్ ఇస్తే కౌన్సిల్ దాన్ని ఓటర్ల ముందు పెట్టి తీరాలి. 1,20,000 మంది ఓటర్లున్న నగరంలో 6,000 సంతకాలు కావాలన్నమాట. చాలా నగరాలు నియమించే చార్టర్ సమీక్ష సంఘం సాధారణంగా సలహా సంఘమే. దాని సిఫారసును కౌన్సిల్ పక్కన పెట్టవచ్చు. ఆ సంఘం మీ మాట విన్నదని సంతకాల పని ఆపుకోకండి.

పాఠం రాసేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త అవసరం. ‘రెండు పర్యాయాలకు మించి పదవిలో ఉండరాదు’ అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే, ఇప్పటికే రెండుసార్లు గెలిచి పదవిలో ఉన్నవారి సంగతేమిటి, ఉప ఎన్నికలో గెలిచి ఎనిమిది నెలలే ఉన్నవారికి అది ఒక పర్యాయమా కాదా అన్న వివాదాలు మొదటి ఎన్నికలోనే తలెత్తుతాయి. వాటి లెక్క సవరణలోనే చెప్పాలి. రెండోది, పదవీకాలం ఎంతో కూడా మార్చదలచుకుంటే, అది రెండేళ్లు దాటిందంటే రాష్ట్ర రాజ్యాంగంలోని మరో సెక్షన్ అమల్లోకి వస్తుంది. పదవీకాలం నాలుగేళ్లకు మించరాదు. అభ్యర్థి సగానికి మించిన ఓట్లతోనే గెలవాలి. మధ్యలో ఖాళీ వస్తే 120 రోజుల్లో ప్రత్యేక ఎన్నిక జరపాలి. మిగిలిన కాలం 12 నెలలు లేదా అంతకంటే తక్కువైతే మాత్రం చార్టర్ వేరే పద్ధతి పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఖాళీని కౌన్సిలే భర్తీ చేస్తుందని పాత వాక్యాన్ని అలాగే ఉంచేస్తే చార్టర్‌లో రెండు నిబంధనలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి.

ఇంకొక గడువు. ఏ నగర చార్టర్‌నూ రెండేళ్లకు ఒకసారి కంటే ఎక్కువగా మార్చరాదని అదే 5వ సెక్షన్ చెబుతోంది. మీ నగరంలో గత నవంబరులో ఏదైనా సవరణ ఆమోదం పొంది ఉంటే, అది ఎంత చిన్నదైనా సరే, మీరు ఆగవలసిందే. సంతకాలు మొదలుపెట్టకముందే చివరి సవరణ తేదీ కనుక్కోండి.

ప్రశ్న: మేము కావలసినదానికంటే పదిహేను వందల సంతకాలు ఎక్కువే ఇచ్చాం. సిటీ సెక్రటరీ కార్యాలయం పరిశీలించి చాలా సంతకాలు చెల్లవంది, పిటిషన్ వీగిపోయింది. కౌన్సిల్‌కు మా ప్రతిపాదన ఇష్టం లేకనే ఇలా జరిగిందని మా అనుమానం. ఏం చేయాలి? (టెక్సాస్ పాఠకురాలు)

జవాబు: మీ బాధ నాకు అర్థమవుతోంది. ఎండలో నిలబడి సేకరించిన సంతకం పక్కన కొట్టివేత గుర్తు కనిపిస్తే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. అనుమానాన్ని కాసేపు పక్కన పెట్టి, చెల్లని సంతకాల జాబితాను, ఒక్కొక్కటి ఎందుకు చెల్లలేదన్న కారణంతో సహా, రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. తర్వాత ఒక కాగితం ముందు పెట్టుకుని గడి గడికీ చూడండి. సంతకంతో పాటు అచ్చక్షరాల్లో పేరు, పుట్టిన తేదీ లేదా ఓటరు నమోదు సంఖ్య (నగరం ఒకటికి మించి కౌంటీల్లో ఉంటే నమోదైన కౌంటీ కూడా), నివాస చిరునామా, సంతకం చేసిన తేదీ ఉండాలి. వీటిలో సంతకం ఒక్కటే స్వహస్తంతో ఉండాలి. మిగతావి మీ కార్యకర్త నింపినా చెల్లుతుంది. జిప్ కోడ్ రాయలేదని సంతకాన్ని కొట్టేయకూడదు. పై గడిలో ఉన్నదే అని చుక్కలు పెట్టినా, వివరం అర్థమయ్యేలా ఉంటే అదీ చెల్లుతుంది. ఇలాంటి కారణాలతో తీసేసినవి కనిపిస్తే మీకు బలమైన వాదన ఉన్నట్టే. పిటిషన్ దాఖలు చేసిన రోజుకు 180 రోజుల ముందు కంటే పాత సంతకాలు మాత్రం చెల్లవు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. వేసవిలో ఉత్సాహంగా మొదలుపెట్టి, పండుగల్లో ఆపి, మళ్లీ వసంతంలో అందుకుంటే మొదటి నెల సంతకాలన్నీ కాలం చెల్లిపోతాయి.

సంతకాలు సరిపోయాక ప్రతిపాదన బాగోలేదనో, రేపు కోర్టులో నిలవదనో కౌన్సిల్ దాన్ని ఆపలేదు. 1980లో విక్టోరియా నగర కేసులో టెక్సాస్ సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. ఎన్నిక పెట్టడం కౌన్సిల్ విధి, అందులో విచక్షణకు తావు లేదు. నిరాకరిస్తే విధి నిర్వర్తించమని ఆదేశించే మాండమస్ రిట్ కోరవచ్చు. అయితే ఎన్నిక తేదీలకు గడువులు ముంచుకొస్తుంటాయి కాబట్టి, న్యాయవాది దగ్గరకు వెళ్లడానికి వారాలు ఆలస్యం చేయకండి.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పి తీరాలి. మన సమావేశాల్లో, గుడి ఆవరణల్లో సంతకాలు సేకరించేటప్పుడు హెచ్1బీ మీద ఉన్నవారు, గ్రీన్ కార్డు ఉన్నవారు కూడా మొహమాటానికి సంతకం పెట్టేస్తుంటారు. ఓటరుగా నమోదు కాని వ్యక్తి సంతకం లెక్కకు రాదు. అక్కడితో పోతే ఫరవాలేదు. కానీ అదే బల్ల మీద ఓటరు నమోదు పత్రాలు కూడా పెట్టి, పౌరసత్వం గడి దగ్గర టిక్కు పెట్టించి సంతకం తీసుకుంటే అది ఆ వ్యక్తి జీవితాన్నే దెబ్బతీస్తుంది. అమెరికా పౌరుడినని తప్పుగా చెప్పుకోవడం, చట్టవిరుద్ధంగా ఓటు వేయడం వలస చట్టంలో దేశం నుంచి పంపించివేయడానికి దారితీసే కారణాలు. ‘మీరు పౌరులేనా?’ అని ముందు అడిగే అలవాటు ప్రతి కార్యకర్తకూ నేర్పండి. పౌరులు కానివారు కౌన్సిల్ సమావేశంలో మాట్లాడవచ్చు, ఉత్తరం రాయవచ్చు. ఊరి బాగోగుల్లో వారి గొంతుకూ చోటుంది.

ప్రశ్న: మా బృందం సవరణలో పోలీసు సంస్కరణ, పార్కుల నిధులు, మేయరు జీతం మూడూ ఉన్నాయి. విడివిడిగా పెడితే బలం తగ్గుతుందని కొందరి వాదన. ఒకే ప్రతిపాదనగా పెట్టవచ్చా? బ్యాలెట్ మీద వాక్యం ఎవరు రాస్తారు? (ఆస్టిన్ పాఠకుడు)

జవాబు: పెట్టకూడదు. ఒక సవరణలో ఒకటికి మించి విషయాలు ఉండరాదని టెక్సాస్ స్థానిక ప్రభుత్వ కోడ్ 9వ అధ్యాయం స్పష్టంగా చెబుతోంది. ఓటరు ఒకదానికి అవునని, ఇంకొకదానికి కాదని చెప్పగలిగేలా బ్యాలెట్ ఉండాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. పార్కులు కావాలనుకున్న ఓటరు ఇష్టం లేకపోయినా మేయరు జీతాన్ని కూడా ఒప్పుకోవలసిన స్థితి రాకూడదన్నది దీని వెనక ఉన్న ఆలోచన. నాకు ఇది పూర్తిగా న్యాయంగానే అనిపిస్తుంది. ‘ఒకే విషయం’ అంటే ఎంతవరకు అన్న దగ్గరే చిక్కు. 2023లో శాన్ ఆంటోనియోలో ఒకే ప్రతిపాదనలో గంజాయి కేసులు, గర్భస్రావ చట్టాల అమలు, పోలీసులు మెడ బిగించి పట్టుకోవడంపై నిషేధం, ముందు చెప్పకుండా ఇళ్లలోకి చొరబడే వారంట్లపై నిషేధం ఇలా చాలా చేర్చారు. ఇది ఒకే విషయం కాదంటూ కొందరు రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్తే, ఎన్నికకు ముందు బ్యాలెట్ నుంచి తీసేయడానికి కోర్టు ఒప్పుకోలేదు. సవరణ గెలిస్తే ఆ తర్వాత సవాలు చేసుకునే మార్గం ఉందంది. ఆ మేలో ఓటర్లే దాన్ని భారీ తేడాతో తిరస్కరించారు. దీన్ని మీ బృందం మూడు విషయాలనూ కలిపేయడానికి అనుమతిగా చదువుకోకూడదు. గెలిచిన తర్వాత మొత్తం సవరణే కోర్టులో కూలిపోయే ప్రమాదం అలాగే ఉంటుంది.

బ్యాలెట్ వాక్యం సాధారణంగా కౌన్సిల్ ఖరారు చేస్తుంది, సిటీ అటార్నీ సాయంతో. పిటిషన్ ఇచ్చినవారు అందరికంటే ఎక్కువ నిర్లక్ష్యం చేసేది దీన్నే. ఓటరు చేతికి వచ్చేది పది పేజీల సవరణ పాఠం కాదు, ఆ ఒక్క వాక్యమే. 2010లో హ్యూస్టన్ ఓటర్లు వీధులకు, వాన నీటి కాలువలకు ప్రత్యేక నిధి ఏర్పాటు చేసే చార్టర్ సవరణను స్వల్ప తేడాతో ఆమోదించారు. బ్యాలెట్ వాక్యంలో నిధి గురించి ఉంది. ఆ నిధికి డబ్బు ఆస్తి యజమానుల మీద వేసే కాలువ రుసుము నుంచి వస్తుందన్న మాట లేదు. సవరణ ప్రధాన లక్షణాన్ని బ్యాలెట్ చెప్పలేదని 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. చివరికి 2018లో నగరం అదే విషయాన్ని మళ్లీ ఓటుకు పెట్టవలసి వచ్చింది. ఒక్క వాక్యంలో రుసుము అన్న మాట రాసి ఉంటే ఎనిమిదేళ్ల వ్యాజ్యం తప్పేదని నా నమ్మకం. ఏ సవరణకైనా డబ్బుతో సంబంధం ఉంటే, ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందో బ్యాలెట్ మీద ఉండాలని మీరే పట్టుబట్టండి, అది మీకు కొన్ని ఓట్లు తగ్గించినా సరే.

దీనికి మరో వైపు కూడా ఉంది. 2024లో డాలస్‌లో నివాసుల పిటిషన్‌తో మూడు సవరణలు బ్యాలెట్‌కు వచ్చాయి. కౌన్సిల్ వాటికి నేరుగా విరుద్ధంగా ఉండే మూడు ప్రతిపాదనలను, రెండూ గెలిస్తే తమవే చెల్లుతాయన్న నిబంధనతో, అదే బ్యాలెట్ మీద పెట్టింది. ఓటర్లను తికమకపెట్టి తప్పుదారి పట్టిస్తాయంటూ రాష్ట్ర సుప్రీంకోర్టు కౌన్సిల్ పెట్టిన మూడింటినీ తీసేయించింది. నివాసుల మూడింటిలో రెండు ఆ నవంబరులో గెలిచాయి. ఆ రెండూ ఊరికి మేలు చేస్తాయా అన్నది వేరే చర్చ. కౌన్సిల్ ఇష్టపడని సవరణకు బ్యాలెట్ మీద న్యాయమైన చోటు దక్కడం గురించే నేనిక్కడ మాట్లాడుతున్నాను.

ప్రకటన విషయం చిన్నదే అయినా మరువకండి. ఎన్నికకు 14 రోజుల ముందుగా మొదటిసారి, వరుసగా రెండు వారాలు ఒకే వారం రోజున నగరంలో చదివే పత్రికలో సవరణ పాఠాన్ని, నగర ఖజానాపై పడే భారం అంచనాతో సహా ప్రచురించాలి. ఆ అంచనాను తప్పకుండా చదవండి.

ప్రశ్న: మిషిగన్‌లో నగర చార్టర్ సవరణకు గవర్నరు అనుమతి కావాలంటున్నారు. గవర్నరు కాదంటే అంతేనా?

జవాబు: అంతే కాదు. 1909 నాటి హోమ్ రూల్ సిటీస్ చట్టం ప్రకారం సవరణను గవర్నరుకు పంపాలి, గవర్నరు అభ్యంతరాలతో తిప్పి పంపవచ్చు. కౌన్సిల్ ప్రతిపాదించిన సవరణ అయితే, ఎన్నికైన సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది మళ్లీ ఆమోదిస్తే ఓటర్ల ముందుకు వెళ్తుంది. 5 శాతం ఓటర్ల పిటిషన్‌తో వచ్చినదైతే అభ్యంతరాలున్నా ఓటుకు పెట్టాలి. బ్యాలెట్ మీద ప్రశ్న 100 పదాలు మించకూడదు, ఎటువైపూ మొగ్గకూడదు. దాన్ని అచ్చు వేయకముందే అటార్నీ జనరల్ పరిశీలిస్తారు. సవరణకు, మొత్తం చార్టర్‌ను తిరగరాయడానికి మధ్య తేడా ఉందని కూడా గమనించండి. డెట్రాయిట్ చార్టర్ కమిషన్ తయారుచేసిన కొత్త చార్టర్‌కు గవర్నరు ఆమోదం లేకపోయినా ఓటుకు పెట్టవచ్చని 2021లో మిషిగన్ సుప్రీంకోర్టు 4-3 తేడాతో చెప్పింది. ఆ ఆగస్టులో ఓటర్లు దాన్ని తిరస్కరించారు.

ప్రశ్న: కాలిఫోర్నియాలో మా నగరం ఉద్యోగుల పింఛను నిబంధనలు మార్చాలనుకుంటోంది. నగరం ముందుగా ఉద్యోగ సంఘాలతో మాట్లాడాలట. ఓటర్లే నిర్ణయించే విషయానికి ఈ చర్చలెందుకు?

జవాబు: ఎందుకంటే నగరం అక్కడ ప్రభుత్వమే కాదు, యజమాని కూడా. ఉద్యోగుల జీతభత్యాలను ప్రభావితం చేసే చార్టర్ సవరణను కౌన్సిల్ ఓటుకు పెట్టేముందు సంఘాలతో సంప్రదింపులు జరపాలని సీల్ బీచ్ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1984లోనే తేల్చింది. పౌరుల పిటిషన్ ద్వారా వస్తే ఈ బాధ్యత ఉండదన్న ఆలోచనతో శాన్ డియాగోలో ఒక ప్రయత్నం జరిగింది. పోలీసులు మినహా చాలామంది కొత్త ఉద్యోగులకు పింఛను తీసేసి 401(కె) తరహా పదవీ విరమణ పొదుపు ఖాతాలు ఇచ్చే ప్రతిపాదన బి 2012 జూన్‌లో పెద్ద మెజారిటీతో గెలిచింది. పేరుకు అది పౌరుల ప్రతిపాదన, కానీ దాన్ని ముందుండి నడిపించింది మేయరే. కాబట్టి నగరం చర్చల బాధ్యత తప్పించుకోలేదని 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో ఆ సవరణ చెల్లదని కింది కోర్టు ప్రకటించింది. ఈలోగా చేరిన ఉద్యోగులు ఎన్నేళ్లు పింఛను లేకుండా పనిచేశారో ఆలోచించండి. తప్పు ఓటర్లది కాదు, ఓటుకు ముందు జరగవలసిన పని జరగలేదు, అంతే.

ప్రశ్న: మా నగరంలో కౌన్సిల్ సభ్యులు వార్డుల నుంచి ఎన్నికవుతారు. ఇప్పుడు కొన్ని స్థానాలను నగరమంతటికీ కలిపి పెట్టాలంటున్నారు. దీనిపై సమాఖ్య చట్టం ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. జాతి, రంగు కారణంగా ఎవరి ఓటు హక్కుకూ భంగం కలిగించరాదనే 1965 నాటి ఓటింగ్ హక్కుల చట్టం 2వ సెక్షన్ చార్టర్‌కూ వర్తిస్తుంది. హ్యూస్టన్ పక్కనున్న పాసడీనా నగరం కథ తెలుసుకోండి. అక్కడ ఎనిమిది వార్డులుండేవి. కొన్ని రాష్ట్రాలు ఎన్నికల మార్పులకు ముందే కేంద్రం అనుమతి తీసుకోవాలన్న నియమాన్ని సుప్రీంకోర్టు షెల్బీ కౌంటీ తీర్పుతో 2013 జూన్‌లో నిలిపివేశాక, ఆ ఏడాదే పాసడీనా ఆరు వార్డులు, నగరమంతటికీ రెండు స్థానాలుగా చార్టర్‌ను మార్చే సవరణ పెట్టింది. నవంబరులో అది 79 ఓట్ల తేడాతో గెలిచింది. లాటినో ఓటర్ల బలం తగ్గించే ఉద్దేశంతోనే ఇది జరిగిందని 2017 జనవరిలో సమాఖ్య న్యాయమూర్తి తీర్పు చెప్పి, ఎనిమిది వార్డులను తిరిగి తెప్పించారు. ఎన్నికల మార్పులకు ముందస్తు అనుమతి తీసుకోవాలని కూడా ఆ నగరాన్ని ఆదేశించారు. మీ నగరంలో ఏ వర్గం ఎక్కడ నివసిస్తోంది, మార్పు తర్వాత వారు కోరుకున్న అభ్యర్థిని గెలిపించుకోగలరా అన్న అధ్యయనం జరిగిందా అని కౌన్సిల్‌ను బహిరంగ సమావేశంలో అడగండి. మీ ప్రశ్న, వారి జవాబు సమావేశ నివేదికలో నమోదు కావడం ముఖ్యం. ఉద్దేశం ఏమిటన్నది తేల్చేటప్పుడు న్యాయస్థానాలు చూసేవాటిలో అలాంటి కాగితాలూ ఉంటాయి.

ప్రశ్న: సవరణకు మద్దతుగా మా నగర కార్యాలయమే కరపత్రాలు పంపుతోంది. ఇది సరైనదేనా? (టెక్సాస్)

జవాబు: వాస్తవాలు చెప్పవచ్చు, ఓటు అడగకూడదు. రాజకీయ ప్రచారానికి ప్రజాధనం వాడటాన్ని టెక్సాస్ ఎన్నికల కోడ్ నిషేధిస్తోంది. కరపత్రాన్ని దాచుకోండి, దాని మీది తేదీతో సహా.

ప్రశ్న: మేము ప్రతిపాదించిన సవరణ గెలిచింది. మర్నాటి నుంచే అమల్లోకి వచ్చినట్టేనా? (టెక్సాస్)

జవాబు: ఓట్లు గెలిచినా ఇంకొక అడుగుంది. సవరణ ఆమోదం పొందిందని ప్రకటిస్తూ కౌన్సిల్ తన రికార్డులో ఉత్తర్వు నమోదు చేసేవరకు అది అమల్లోకి రాదు. ఆ తర్వాత మేయరు దాని ధ్రువీకృత ప్రతిని నగర ముద్రతో రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు పంపాలి. సిటీ సెక్రటరీ దాన్ని నగర పుస్తకంలో నమోదు చేయాలి. ఓట్లను అధికారికంగా లెక్క తేల్చే సమావేశం ఎజెండాలో ఈ ఉత్తర్వు ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ రోజే లేచి అడగండి. ఉంటే, ఉత్తర్వు ప్రతి ఒకటి తీసుకుని మీ పిటిషన్ కాగితాలతో పాటు భద్రపరచండి.